పొలాల్లోని పెద్దల గోరీలను చెరిగిపోకముందే రాసి పెట్టుకుందాం

సంపాదకులకు నమస్కారం.

భూముల రీసర్వే జరిగిన గ్రామాల్లో విస్తీర్ణంలో తేడాలు, ఉమ్మడి ఎల్‌పీఎంలు (పలువురి పొలాలను కలిపి ఒకే నంబరుతో ఇచ్చిన భూమి పటాలు), మాయమైన గట్ల గురించి మీ పత్రికలో తరచూ వార్తలు వస్తున్నాయి. సర్వే శాఖలో పనిచేసి విరమించినవాడిగా వాటిని శ్రద్ధగా చదువుతున్నాను. అయితే ఈ వివాదాల నడుమ ఎవరూ ఎత్తని విషయం ఒకటి ఉంది. అనంతపురం, కర్నూలు జిల్లాల మెట్ట గ్రామాల్లో పొలం మూలల్లోనూ, పాత మోటబావుల పక్కనా, చింతచెట్ల కిందా ఒక్కో ఇంటివారికి చెందిన గోరీల చోట్లు నాలుగైదు తరాలుగా ఉన్నాయి. వాటిలో ఎవరిది ఏ గోరీయో చెప్పగల ముసలివాళ్లు ఒక్కొక్కరే వెళ్లిపోతున్నారు, రాళ్లు కూడా వాళ్ల వెనకే పోతున్నాయి. ఆ చోట్లను కాపాడటం అన్నిసార్లూ మన చేతిలో ఉండకపోవచ్చు గానీ, ఉన్నదాన్ని ఉన్నట్టుగా రాసి పెట్టుకోవడానికి ఎవరి అనుమతీ, పెద్దగా ఖర్చూ అక్కర్లేదని చెప్పడానికే ఈ ఉత్తరం.

ఊరుమ్మడి శ్మశానానికి రికార్డులో ఒక స్థానం ఉంది. అది శ్మశానం పోరంబోకు. దానికి సర్వే నంబరు, విస్తీర్ణం, హద్దులు ఉంటాయి, ఆక్రమణ జరిగితే తహసీల్దారుకు అర్జీ పెట్టుకోవచ్చు. ఇంటివారి గోరీల చోటు అలాంటిది కాదు. అది పట్టా భూమిలో కలిసిపోయి ఉంటుంది. పది సెంట్ల మేర గోరీలే ఉన్నా పంటల లెక్క రాసే అడంగల్లో ఆ పది సెంట్లలోనూ వేరుశనగే పండినట్టు రాసి ఉంటుంది. పాత ఎఫ్‌ఎంబీలు (పొలాల కొలతల పటాలు) గీసిన కాలంలో కొలతకు వచ్చినవాడు శ్రద్ధగలవాడైతే బావినీ, గుడినీ గుర్తించినట్టే గోరీని కూడా చిన్న గుర్తుతో చూపేవాడు; తీరిక లేనివాడైతే గట్టు గీసి వెళ్లిపోయేవాడు. ఇప్పుడు డ్రోన్లు పైనుంచి తీసే చిత్రాల్లో సర్కారు తుమ్మ కంప కింద దాగిన గోరీలు కనిపించే మాట ఎలాగూ లేదు. అన్నదమ్ముల భాగపత్రాల్లో మాత్రం అక్కడక్కడ ఒక వాక్యం దొరుకుతుంది: ఫలానా చేనిలో పెద్దల సమాధులున్న చోటు, అక్కడికి పోయే బండిదారి అందరికీ ఉమ్మడి అని. ఆ చేను బయటివాళ్లకు అమ్మినప్పుడు రాసే విక్రయ దస్తావేజులో ఆ వాక్యం సాధారణంగా జారిపోతుంది. చెక్కుబందీలో, అంటే హద్దుల వివరంలో, నాలుగు దిక్కులూ ఉంటాయి, నడుమ ఉన్న పెద్దలు ఉండరు.

ఆ తరువాత జరిగేది మనందరికీ తెలిసిందే. కొన్నవాడు చదును చేయించే రోజున జేసీబీ వస్తుంది. సౌర విద్యుత్తు ప్లాంట్లకు కౌలుకిచ్చిన భూముల్లో ఎకరాలకు ఎకరాలు ఒక్కసారిగా చదునవుతాయి. రోడ్లు వెడల్పు చేసేటప్పుడు గుడి అడ్డొస్తే ధర్నా జరుగుతుంది, గోరీ అడ్డొస్తే పరిహారం జాబితాలో రాతికట్టడం కింద ఒక గడి నిండుతుంది. శ్రీశైలం జలాశయం నిండినప్పుడు కూడవెల్లి సంగమేశ్వరాలయాన్ని రాయి రాయీ విప్పి అలంపురంలో తిరిగి నిలబెట్టారు. అది మెచ్చుకోదగిన పనే. మునిగిన ఊళ్లవాళ్లను మాత్రం తాతముత్తాతల గోరీలెక్కడ అని అడిగితే నీళ్లవైపు చెయ్యి చూపిస్తారు.

చట్టం అసలే లేదని కాదు. 2013 నాటి భూసేకరణ చట్టం సామాజిక ప్రభావ అధ్యయనంలో శ్మశానాల మీద పడే ప్రభావాన్ని కూడా లెక్కలోకి తీసుకోమంటుంది, నిర్వాసితుల కాలనీలో శ్మశానానికి చోటు చూపమంటుంది. కానీ దాని దృష్టి ఊరి శ్మశానం మీదే గానీ ఒక రైతు చేనిలోని ఏడెనిమిది గోరీల మీద కాదు. పైగా జాతీయ రహదారుల కోసం 1956 చట్టం కింద జరిగే సేకరణకు ఆ అధ్యయనమే ఉండదు. భారతీయ న్యాయ సంహిత 301వ సెక్షన్ సమాధుల చోట్లలోకి చొరబడటాన్ని నేరంగా చెబుతుంది, కాకపోతే ఒకరి మనసు నొప్పించే ఉద్దేశమో, నొచ్చుకుంటారన్న ఎరుకో ఉన్నట్టు రుజువు కావాలి. కొనుక్కున్న సొంత భూమిలో చదును చేసుకున్నానని చెప్పేవాడి మీద దాన్ని నిలబెట్టడం ఎంత కష్టమో న్యాయవాదులు చెప్పగలరు. నూరేళ్లు దాటినవాటిని రక్షిత కట్టడాలుగా ప్రకటించే 1958 చట్టం చారిత్రక ప్రాధాన్యం కోరుతుంది. సేద్యం చేసి బతికిపోయిన మనిషికి ఆ ప్రాధాన్యాన్ని ఎవరు కట్టబెడతారు?

ఈ సందర్భంలో గుత్తి గుర్తుకు రాక మానదు. మద్రాసు గవర్నరు థామస్ మన్రో 1827 జూలై 6న పత్తికొండలో కలరాతో చనిపోతే గుత్తిలో ఖననం చేశారు, తర్వాత అవశేషాలను మద్రాసు కోటలోని చర్చికి తరలించారు. ఆయన గవర్నరు గనుక ఆ వివరాలన్నీ నమోదయ్యాయనుకుందాం. కానీ అలాంటి హోదా లేని తెల్లవాళ్ల సమాధులను కూడా దొరలు వదిలిపెట్టలేదు. జె.జె. కాటన్ అనే ఐసీఎస్ అధికారి మద్రాసు ప్రెసిడెన్సీ అంతటా ఉన్న యూరోపియన్ల సమాధుల మీది రాతలను జిల్లాలవారీగా సేకరించగా 1905లో ప్రభుత్వ ముద్రణాలయమే దాన్ని అచ్చువేసింది. ఊరూ పేరూ ఎరుగని సిపాయీ, పురిట్లో పోయిన దొరసానీ అలా కాగితం మీద నిలిచారు. అదే కాలంలో ఆ చుట్టుపక్కల పల్లెల్లో పోయిన మనవాళ్ల గోరీల రాతలను నకలు చేసుకున్నవారు అరుదు. దొరలను తప్పుపట్టడానికి ఈ మాట రాయడం లేదు. తమవాళ్ల జాబితా వాళ్లు రాసుకున్నారు, మనవాళ్ల జాబితా మనం రాసుకోవలసింది.

ఆ రాతల్లో ఏముంటుందో ఒక ఉదాహరణ చెబుతాను. గుత్తికి కొంత దూరంలో, మా బంధువుల చేనిలో, ఒక గోరీకి తలవైపు నిలబెట్టిన నల్లటి కడప బండ ఉంది. ఏటేటా సున్నం కొట్టడంతో అక్షరాలు పూడిపోయాయి. బహుశా ఆ సున్నమే వాటిని వానకు అరగకుండా కాపాడింది కూడా. మధ్యాహ్నం చూస్తే బండ మీద ఏమీ లేదనిపిస్తుంది. పొద్దు వాలిన తరువాత ఏటవాలు వెలుతురు పడినప్పుడు ఐదు వరుసలు పైకి తేలతాయి. పైన సూర్యచంద్రుల బొమ్మలు, మొదటి వరుసలో శ్రీరామ, రెండో వరుసలో "ధాత సం॥ర ఫాల్గుణ బ" అని ఉండి తిథి అంకె దగ్గర పెచ్చు ఊడింది. మూడు, నాలుగు వరుసల్లో పోయిన పెద్దాయన పేరు, తండ్రి పేరు, ఊరు. చివరి వరుసలో గోరీ కట్టించిన కొడుకు పేరు సగం. శకటరేఫ (ఱ) స్పష్టంగా ఉంది. రాయి చెక్కినవాడికి వరుసలో చోటు చాలక ఒక పేరును విరిచి మిగతా రెండక్షరాలను కింద చెక్కాడు.

ధాత సంవత్సరం అరవై ఏళ్లకొకసారి వస్తుంది. అది 1876-77 కావచ్చు, 1936-37 కావచ్చు. ఆ ఇంటివాళ్లు 1937 అనే అనుకుంటూ వచ్చారు. వాళ్ల ట్రంకుపెట్టెలో ఉన్న 1881 నాటి భాగపత్రంలో ఆ పెద్దాయన అప్పటికే గతించినట్టు ఉండటంతో విషయం తేలిపోయింది. ఫాల్గుణ బహుళం కాబట్టి 1877 మార్చి నెల తొలి పక్షం. అంటే ధాత, ఈశ్వర సంవత్సరాల్లో బళ్లారి, కర్నూలు, కడప జిల్లాలను ఊడ్చేసిన మహా కరువు నడిమధ్య కాలం. అప్పటికి అనంతపురం జిల్లానే లేదు, అది 1882లో ఏర్పడింది. గుత్తి తాలూకా బళ్లారి జిల్లాలో ఉండేది. ఆ ఇంటివాళ్లు పాత కాగితాల నకళ్లకు అనంతపురంలో వెతికి దొరకలేదని వదిలేశారంటే ఆశ్చర్యం లేదు. ఒక రాయి, ఒక భాగపత్రం, పంచాంగ గణితం కలిసి ఒక మనిషిని ఆయన కాలంలోకి తిరిగి చేర్చాయి. రాతి మీద వారం కూడా చెక్కి ఉంటే స్వామికన్ను పిళ్లై తయారుచేసిన పట్టికలతో తేదీని మరింత గట్టిగా సరిచూసుకోవచ్చు. తెలంగాణ వైపు గోరీల మీద ఫసలీ సంవత్సరం (పాత రెవెన్యూ లెక్క) కనిపిస్తే క్రీస్తుశకం రావడానికి 590 కలపాలి. శాలివాహన శకమైతే 78. పుష్య, మాఘ, ఫాల్గుణ మాసాల దగ్గరకు వచ్చేసరికి ఒక ఏడాది ముందుకు జరుగుతుందన్న సంగతి మరవకూడదు.

ఇప్పుడు అలాంటి బండల మాట. అమెరికాలో స్థిరపడిన మనవలు, మునిమనవలు సెలవులకు వచ్చినప్పుడు పెద్దల మీది గౌరవంతో గోరీలను బాగుచేయించాలనుకుంటున్నారు. వాళ్ల మనసు మంచిదే, కానీ ఆ పనిలో మొదట పోయేది పాత రాయే. గచ్చు కొట్టేసి, టైల్స్ పరిచి, మెరిసే గ్రానైట్ పలక మీద కంప్యూటరు అక్షరాలతో పేర్లు చెక్కిస్తారు. ఆ పేర్లు ఎవరో ఫోనులో చెప్పినవి, తేదీలు అంచనాగా వేసినవి. పాత బండ పశువుల తొట్టికో బట్టలుతుకే చోటుకో చేరుతుంది. నా కళ్లతో చూసినంతలో జేసీబీ చెరిపినదానికంటే ఈ భక్తి చెరిపినదే ఎక్కువ. కాబట్టి బాగు చేయించదలచినవారికి నా మనవి ఒక్కటే. ముందు నకలు, తరువాత మరమ్మతు. కొత్త పలక పెట్టుకోండి, పాత బండను మాత్రం అక్కడే, దాని పక్కనే ఉండనివ్వండి.

నకలు ఎలా తీయాలన్నదానికి పెద్ద విద్య అక్కర్లేదు. కంపను నేలమట్టానికి కొట్టాలి గానీ వేళ్లతో పెకలించకూడదు. వేరు లేచిందంటే గోరీ రాళ్లు కూడా లేస్తాయి. బండను నీళ్లతో, మెత్తటి కుంచెతో కడిగితే చాలు. యాసిడ్, ఇనుప బ్రష్షు, అక్షరాలు కనబడటానికి సుద్దముక్కతో దిద్దడం, రంగు నింపడం కూడదు. దిద్దినవాడు తాను చదివినదాన్నే దిద్దుతాడు, తరువాత చూసేవాడికి రాయి కనిపించదు, వాడి ఊహే కనిపిస్తుంది. ఉదయమో సాయంత్రమో ఏటవాలు ఎండలో, లేకపోతే నీడలో ఉన్న రాయి మీదికి అద్దంతో ఎండను పక్కనుంచి మళ్లించి, ఫొటో తీయాలి. పక్కన స్కేలు బద్ద పెట్టాలి. రాతను ఏ వరుసది ఆ వరుసలో, తప్పులతో సహా, ఉన్నది ఉన్నట్టు రాసుకోవాలి. పోయిన అక్షరాల చోట చుక్కలు పెట్టాలి, ఊహించినదాన్ని వేరే పక్కన రాయాలి. తెలుగు అంకెల్లో ౨, ౩ అరిగిన రాయి మీద ఒకేలా కనిపిస్తాయి కాబట్టి అనుమానముంటే రెండూ రాయడం మేలు.

తరువాత పటం. ఇది నా వృత్తి కాబట్టి కొంచెం నొక్కి చెబుతాను. కదలని రెండు గుర్తులను, బావి ఒరనో సర్వే రాయినో, ఎంచుకుని అక్కడినుంచి ఒక్కో గోరీకి టేపుతో దూరం కొలిచి, ఉత్తరం దిక్కు గుర్తించి, ప్రతి గోరీకి ఒక నంబరు వేయాలి. రాయి లేని గుంతకు కూడా నంబరు వేయాలి. గోరీ ఆకారం, తల ఏ దిక్కున ఉందో రాయాలి, ఎందుకంటే కూర్చోబెట్టి పూడ్చే ఆచారమున్న ఇళ్లలో గోరీ చదరంగా ఉంటుంది, పడుకోబెట్టే ఇళ్లలో పొడుగ్గా ఉంటుంది. లింగం, నామాలు, తులసికోట, శిలువ వంటి గుర్తులు ఆ ఇంట్లో ఏ తరంలో ఏ మార్పు వచ్చిందో చెబుతాయి. తవ్వి చూడవలసిన అవసరం ఎంతమాత్రమూ లేదు.

రాళ్ల కంటే మనుషుల దగ్గరే ఎక్కువ సమాచారం ఉంటుంది, అందులోనూ ఆడవాళ్ల దగ్గర. చాలా ఇళ్లలో ఆడవాళ్లు గోరీల దగ్గరికి పోకూడదన్న కట్టుబాటు ఉంది. అయినా ఏ కోడలు ఏ కాన్పులో పోయింది, ఏ పిల్లవాడికి ఏ జబ్బు చేసింది, ఎవరి తరువాత ఎవరు అనే లెక్క వాళ్లకే కంఠతా వస్తుంది. అందుచేత పటం గీసుకుని దాన్ని ఇంటి వసారాలోకి తీసుకుపోయి అవ్వల ముందు పరవాలి. నేను అలా పరిచినప్పుడు ఒక అవ్వ కాగితం మీద వేలు పెట్టి, "ఈడ మా చిన్నత్త ఉండాది. ఆ పక్కన గుండు కింద పురిట్లో పోయిన మా తోడికోడలు. దానికి రాయి ఎవురు పెడతారు నాయనా, పేరన్నా రాసుకో" అన్నది. రాళ్ల మీద ఆడవాళ్లు తరచుగా ఫలానా వారి భార్యగానే ఉంటారు, సొంత పేరు ఉండదు. పుట్టింటి ఊరు, ఇంటిపేరు కూడా అడిగి రాసుకుంటే ఆ లోటు కొంతైనా తీరుతుంది. అవ్వల మాటలు రికార్డు చేసేటప్పుడు వాళ్లకు చెప్పి చేయాలి. ఆత్మహత్యలు, ఇంటి గొడవలు వంటివి ఇంటి నకలులోనే ఉంచుకోవాలి, నలుగురికిచ్చే నకలులోకి రాకూడదు.

ఇక్కడ ఒక మాట దాచకుండా చెప్పాలి. సొంత చేనిలో గోరీలు ఉండటమంటే సొంత చేను ఉండటం. భూమి లేని దళిత కుటుంబాల పెద్దలు వాగు పోరంబోకుల్లో, ఊరి అంచుల్లో, రాయి కూడా లేకుండా ఉన్నారు. కరీంనగర్‌లో కొన్ని దళిత కుటుంబాలు దీపావళి నాడు శ్మశానంలోనే, పెద్దల సమాధుల దగ్గర దీపాలు పెట్టి పండుగ చేసుకుంటాయి. అలాంటి ఆచారమున్న చోట జ్ఞాపకం బతికే ఉంది, కాగితం మీదికి రావడమే తరువాయి. నేను చూసిన ఒక రైతు కుటుంబపు గోరీల చోట ప్రహరీకి బయట, ఆగ్నేయ మూలన, ఒక చిన్న గుండు పాతి ఉంది. ఎవరిదని అడిగితే ఆ ఇంట్లో జీవితమంతా జీతం ఉన్న మనిషిదని చెప్పారు, పేరు మాత్రం ఆ ఇంట్లో ఎవరికీ తెలియలేదు. ఆయన మనవడు అదే ఊళ్లో ఉన్నాడు, అడిగిన వెంటనే చెప్పాడు. జాబితా రాసేవారు ప్రహరీ దగ్గర ఆగిపోకూడదు.

ఈ పని మొదలుపెట్టమంటే రైతులు రెండు భయాలు చెబుతారు, రెండూ తీసిపారేయదగినవి కావు. గోరీలున్నాయని రాయిస్తే భూమిని రిజిస్ట్రేషన్లు ఆపే 22ఏ నిషేధిత జాబితాలో పెడతారేమో, అమ్ముకోలేమేమో అన్నది మొదటిది. అందుకే నేను భూమి వర్గీకరణ మార్చమని కోరడం లేదు. రీసర్వే సిబ్బంది యజమాని ఒప్పుకున్నచోట సమాధులున్నాయని వ్యాఖ్యల గడిలో ఒక మాట రాయాలనీ, దానివల్ల పట్టా హక్కుకు గానీ క్రయవిక్రయాలకు గానీ ఆటంకం ఉండదని రెవెన్యూ శాఖ లిఖితపూర్వకంగా చెప్పాలనీ మాత్రమే కోరుతున్నాను. అమ్మేవారు దస్తావేజులో ఆ కాస్త చోటునూ, దారినీ మినహాయించుకుని రాయించుకోవడం వాళ్ల చేతిలోని పని. రాసే లేఖరి అడగడు, మనమే చెప్పాలి. రెండో భయం గుప్తనిధుల ముఠాలది. పాత గోరీ కనిపిస్తే రాత్రికి రాత్రే తవ్వేవాళ్లు మన జిల్లాల్లో ఉన్నారన్నది పోలీసులకు తెలియని విషయం కాదు. కనుక అక్షాంశ రేఖాంశాలు, దారి వివరాలు ఇంటి నకలులో మాత్రమే ఉంచి, బయటికిచ్చే నకలులో ఊరి పేరు, పేర్లు, తేదీలు, రాతల పాఠం ఇస్తే సరిపోతుంది. ఫేస్‌బుక్‌లో లొకేషన్‌తో పాటు ఫొటోలు పెట్టే ఉత్సాహాన్ని కొంచెం అదుపులో పెట్టుకోవడం మంచిది.

నకళ్లు కాగితం మీదే ఉండాలని నా అభిప్రాయం. ఫోను మారినప్పుడల్లా ఫొటోలు పోవడం మనం చూస్తూనే ఉన్నాం. ఒక నకలు ఇంట్లో, ఒకటి ఆడపడుచుల ఇళ్లలో ఎక్కడైనా, ఒకటి జిల్లా గ్రంథాలయంలో. గ్రంథాలయ సంస్థలు ఇలాంటి చేతిరాత ప్రతులను ఊళ్లవారీగా తీసుకుని భద్రపరచడానికి ముందుకు రావాలి. డిగ్రీ విద్యార్థులు చేయవలసిన కమ్యూనిటీ సర్వీస్ ప్రాజెక్టుల్లో చరిత్ర, తెలుగు అధ్యాపకులు దీన్ని ఒక అంశంగా ఇస్తే, ఏటా అవే ప్రశ్నలతో సాగే సర్వేల కంటే పిల్లలకు నేర్చుకునేది ఎక్కువ ఉంటుంది.

మీ పత్రికకు ఒక విన్నపం. మా వైపు కొన్ని ఇళ్లవారు సంక్రాంతికీ, మరికొన్ని ఇళ్లవారు భాద్రపదంలో వచ్చే పెద్దల అమావాస్యకూ గోరీల దగ్గరికి వెళ్లి కంప కొట్టి, కడిగి, సున్నం వేస్తారు. ఎక్కడెక్కడో ఉన్నవాళ్లు కూడా ఆ రోజున ఒకచోట చేరతారు. సున్నం వేయకముందు, కడిగిన రాయి తడిగా ఉన్నప్పుడు, అక్షరాలు చదవడానికి అంతకంటే అనువైన సమయం ఉండదు. అమావాస్యకు వారం ముందు జిల్లా అనుబంధంలో అర పేజీ కేటాయించి, నంబరు, పేరు, తండ్రి లేక భర్త పేరు, పుట్టినిల్లు, రాతి మీది పాఠం, చెప్పినవారి పేరు అనే గడులతో ఒక నమూనా పత్రాన్ని అచ్చువేయగలిగితే, దాన్ని కత్తిరించి జేబులో పెట్టుకుని వెళ్లేవారు తప్పక ఉంటారు. నమూనాను తయారుచేసి మీ కార్యాలయానికి పంపడానికి నేను సిద్ధంగా ఉన్నాను.

ఇట్లు,
భవదీయుడు,
ఒక విశ్రాంత సర్వే ఉద్యోగి,
గుత్తి ప్రాంతం, అనంతపురం జిల్లా.